బాల్కనీలో కాలిస్తే పాపకు పొగ తగలదా?

మీరు రాసిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. బెంగళూరు మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. మూడేళ్ళ పాపకు వానలు మొదలైనప్పటి నుంచి పిల్లికూతలు, నెల తిరక్కుండా నెబులైజర్. మీకు ఇప్పుడు ఐదో నెల. మీవారు రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తారు, బాల్కనీలోనే. కందుకూరు నుంచి అత్తయ్య గారు, మామయ్య గారు వచ్చి ఉన్నారు. మామయ్య గారికి చుట్ట అలవాటు, అత్తయ్య గారికి గుండెలో స్టెంట్ వేశారు. ఇవి చాలవన్నట్టు కింది ఫ్లాట్ వాళ్ళ సిగరెట్ పొగ మీ బాత్రూంలోకి వస్తోంది. బాల్కనీలో కాలిస్తే సరిపోతుందా, ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారా, బాత్రూం పొగను ఎలా ఆపాలి, మామయ్య గారికి ఎలా చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఊపిరితిత్తుల డాక్టర్‌ని. బెంగళూరులో చాలా ఏళ్ళుగా పెద్దలనూ పిల్లలనూ చూస్తున్నాను. మాదీ ప్రకాశం జిల్లానే. అందుకే మీ చివరి ప్రశ్నకు కాస్త ఎక్కువే రాస్తాను. ముందు సూటిగా జవాబు: బాల్కనీ సరిపోదు. ప్యూరిఫైయర్ మీ సమస్య తీర్చదు. బాత్రూం పొగను చాలావరకు ఆపొచ్చు. మామయ్య గారికి మీరు చెప్పకండి, మీవారు చెప్పాలి.

సిగరెట్ కాల్చే మనిషి దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చేది కొన్ని సెకన్లే. మిగతా సమయమంతా అది వేళ్ళ మధ్యనో, యాష్‌ట్రే అంచునో దానంతట అదే కాలుతూ ఉంటుంది. పక్కనున్న వాళ్ళు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం ఆ కొసనుంచి వచ్చే పొగే. కాల్చే మనిషి వదిలేది అందులో చిన్న వాటా. పీల్చినప్పుడు నిప్పు బాగా రాజుకుంటుంది. పీల్చనప్పుడు వేడి తగ్గి, గాలి సరిగా అందక, సగం సగం కాలుతుంది. అలా కాలినప్పుడు పుట్టే పొగలో కొన్ని విషాలు, గ్రాము లెక్కన చూస్తే, కాల్చేవాళ్ళు పీల్చే పొగలో కంటే ఎక్కువ ఉంటాయి. దానికి ఫిల్టర్ కూడా ఉండదు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ఆర్సెనిక్, కాడ్మియం, నైట్రోసమైన్లు అన్నీ అందులోవే. కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చుట్టయితే ఆకు మందం, కాలే సమయం ఎక్కువ. ఒక చుట్ట ఆరేలోపు గదిలోకి చేరే పొగ ఒక సిగరెట్ పొగ కంటే చాలా ఎక్కువ.

ఇక పాప సంగతి. మూడేళ్ళ పిల్ల నిమిషానికి పెద్దవాళ్ళకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది. బరువుతో పోల్చి చూస్తే, అదే గదిలో మీకంటే ఎక్కువ గాలి ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి కాబట్టి లోపల పొర కాస్త వాచినా గాలి దారి బాగా ఇరుకైపోతుంది. పిల్లికూత వినిపించేది అక్కడే. పొగ ఆ పొరను రోజూ రేపుతూనే ఉంటుంది. కఫాన్ని పైకి తోసేసే సన్నని వెంట్రుకల్లాంటి నిర్మాణాలను మందగింపజేస్తుంది. దాంతో మామూలు జలుబు కూడా ఛాతీలోకి దిగుతుంది. ముక్కు వెనక నుంచి చెవికి వెళ్ళే గొట్టం వాచి, చెవిలో నీరు చేరుతుంది. మాటిమాటికీ చెవిపోటు అంటూ వచ్చే పిల్లల ఇంట్లో ఎవరు కాలుస్తారని నేను తప్పకుండా అడుగుతాను. న్యుమోనియా, బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు), ఉబ్బసం ఉధృతం కావడం, ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకపోవడం వంటివాటికి పక్కవాళ్ళ పొగతో సంబంధం ఉందని ఎన్నో దేశాల్లో తేలింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చాలామంది తల్లులు "ఇన్‌హేలర్ పని చేయట్లేదు డాక్టర్, డోసు పెంచండి" అని వస్తారు. ఇంట్లో పొగ ఉన్నంతకాలం ఆ మందు ఎదురీదుతూనే ఉంటుంది. డోసు పెంచే ముందు రెండు విషయాలు చూడాలి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పాప మందు సరిగా తీసుకుంటోందా? ఇంట్లో పొగ ఉందా? ఈ రెండూ సరిచేస్తే చాలామంది పిల్లలకు డోసు పెంచే అవసరమే రాదు. అలాగని మందు మీ అంతట మీరు ఆపకండి.

మీ గర్భం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. దాన్ని నేను అంత తేలిగ్గా వదలలేను. కార్బన్ మోనాక్సైడ్ మీ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. నికోటిన్ మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతుంది. పొగ తాగని తల్లి పక్కవాళ్ళ పొగ పీలిస్తే పుట్టే బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టాక ఆ ఇంట్లో పొగ కొనసాగితే, పసిబిడ్డ నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ 2006లో ఇచ్చిన నివేదిక దీన్ని స్పష్టంగా చెప్పింది. ఇంత పీలిస్తే ఫర్వాలేదు అనే సురక్షితమైన మోతాదు ఏదీ లేదని కూడా అదే నివేదిక తేల్చింది. మీకింకా నాలుగు నెలలు సమయం ఉంది. ఇప్పుడు మొదలుపెడితే ప్రసవం నాటికి ఇల్లు శుభ్రమవుతుంది.

ఇంట్లో అందరికంటే తక్కువ ఆలోచించేది అత్తయ్య గారి గురించి అనుకుంటాను. పక్కవాళ్ళ పొగ అనగానే మనకు ఊపిరితిత్తుల క్యాన్సరే గుర్తొస్తుంది. అది నిజమే. 1981లో జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త, పొగతాగని 90,000 మందికి పైగా ఇల్లాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, భర్త ఎక్కువ కాల్చేకొద్దీ భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని చూపించారు. సిగరెట్ కంపెనీలు చాలా వాదించాయి గానీ ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఆయన చెప్పిందే నిలబడింది. కానీ లెక్క చూస్తే పక్కవాళ్ళ పొగ ఎక్కువమందిని చంపేది గుండె దగ్గర. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2004లో ప్రపంచంలో ఇతరుల పొగ వల్ల చనిపోయినవారు దాదాపు 6,03,000 మంది. వాళ్ళలో 3,79,000 మంది గుండె జబ్బుతో పోయారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవారు దాదాపు 21,000. పిల్లల న్యుమోనియా లాంటి జబ్బులతో పోయినవారు 1,65,000. చనిపోయినవారిలో సుమారు సగం మంది ఆడవాళ్ళు, నాలుగో వంతుకు పైగా పిల్లలు. కాల్చేది ఎక్కువగా మగవాళ్ళు, పోయేది ఎవరో చూడండి.

గుండె ఇంత త్వరగా ఎందుకు దెబ్బతింటుందంటే, దానికి ఏళ్ళ తరబడి పేరుకోవాల్సిన అవసరం లేదు. అరగంట పొగలో కూర్చుంటే చాలు, పొగతాగని ఆరోగ్యవంతుల్లో కూడా గుండె రక్తనాళాల లోపలి పొర పనితీరు తగ్గుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అంటుకునే గుణం పెరుగుతుంది. స్టెంట్ వేసిన మనిషికి రక్తం పలచగా ఉండటానికి మాత్రలు ఇస్తాం కదా. ఒకపక్క ఆ మాత్ర వేసుకుంటూ, ఇంకోపక్క చుట్ట పొగలో కూర్చుంటే రెండూ వ్యతిరేక దిశల్లో లాగుతాయి. పక్కవాళ్ళ పొగ పీల్చేవారికి గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని అంచనా. అమెరికాలో హెలెనా అనే చిన్న ఊళ్ళో 2002లో ఆరు నెలల పాటు హోటళ్ళు, బార్లు, ఆఫీసుల్లో పొగ నిషేధం అమలైతే, ఆ నెలల్లో ఆసుపత్రికి వచ్చిన గుండెపోటు కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. నిషేధం ఆగాక మళ్ళీ పెరిగాయి. అది చిన్న ఊరు కాబట్టి అంత తేడా కనబడింది. తర్వాత పెద్ద ఊళ్ళలో చూసినప్పుడు తగ్గుదల అంత లేదు, కానీ తగ్గడం మాత్రం చాలా చోట్ల కనిపించింది.

ఇప్పుడు బాల్కనీ ప్రశ్న. దీనికి నాకు బాగా నచ్చిన జవాబు స్వీడన్‌ నుంచి 2004లో వచ్చింది. రెండున్నర, మూడేళ్ళ పిల్లల మూత్రంలో కోటినిన్ కొలిచారు. కోటినిన్ అంటే ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్ మారి మిగిలే పదార్థం, అది కనిపిస్తే పొగ లోపలికి వెళ్ళినట్టే. తల్లిదండ్రులు కాల్చని ఇంటి పిల్లలతో పోలిస్తే, తలుపు గట్టిగా మూసి బయట కాల్చేవాళ్ళ పిల్లల్లో అది రెండింతలు ఉంది. తెరిచిన తలుపు దగ్గర నిలబడి కాలిస్తే ఇంకొంచెం ఎక్కువ. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద కాలిస్తే మూడింతలకు పైన. ఇంట్లోనే కాలిస్తే దాదాపు 15 ఇంతలు. అంటే మీవారు హాల్లో కాల్చకుండా బాల్కనీకి వెళ్ళడం మంచిపనే, దాని విలువ తక్కువేం కాదు. కానీ పిల్లికూతలున్న పాపకు, కడుపులో ఉన్న బిడ్డకు ఆ రెండింతలు కూడా ఉండకూడదు. పైగా మన బాల్కనీలు స్వీడన్ పెరళ్ళు కావు. మూడు వైపులా గోడ, పైన ఇంకో బాల్కనీ, పక్కనే పడగ్గది స్లైడింగ్ డోర్. అది ఎంత మూసినా కింద పట్టాల దగ్గర సందు ఉంటుంది. గాలి ఇంటివైపు తోసిందంటే పొగ లోపలికే. మీ పొగ పైఫ్లాట్ పిల్లలకూ వెళ్తుంది, మీకు కింది ఫ్లాట్ పొగ వచ్చినట్టే.

కిటికీలు తెరిచి ఫ్యాన్ వేస్తే పొగ వాసన తగ్గుతుంది, కానీ సన్నని కణాలు, వాయువులు గదిలో గంటల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అగరుబత్తి, రూమ్ స్ప్రే వాసనను కప్పేస్తాయి, పొగను కాదు. పాప నిద్రపోయాక కాల్చినా లాభం లేదు, ఆ గాలే తెల్లవార్లూ పీలుస్తుంది. ప్యూరిఫైయర్ల విషయంలో షాపువాళ్ళు చెప్పేదాంట్లో కొంత నిజముంది: హెపా ఫిల్టర్ కణాలను పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ లాంటి వాయువులను హెపా పట్టుకోదు. కార్బన్ పొర కొన్నిటిని కొంతకాలం ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను అస్సలు ఆపదు. పైగా ఇంట్లో ఒకరు కాలుస్తూ ఉంటే అది శుభ్రం చేసే వేగం కంటే పొగ పుట్టే వేగమే ఎక్కువ. ప్యూరిఫైయర్ ఉంది కదా అని ఇంట్లోనే కాల్చడం మొదలుపెట్టినవాళ్ళను చూశాను. ఆ డబ్బు దాచుకోండి. కింది ఫ్లాట్ పొగ ఆపాక కూడా ఏమైనా మిగిలితే అప్పుడు ఆలోచించొచ్చు.

సోఫా, కర్టెన్లు, పరుపు, పాప బొమ్మల మీద కూడా పొగ జిడ్డు పేరుకుంటుంది. అందులోని నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లుగా మారుతుందని 2010లో ప్రయోగశాలలో చూపించారు. నేల మీద పాకే, చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లలకే ఇది ఎక్కువ అంటుతుంది. అందుకే ఇంట్లో కాల్చడం ఆపిన రోజున ఒకసారి గట్టిగా శుభ్రం చేయండి. కర్టెన్లు, సోఫా కవర్లు, దుప్పట్లు ఉతకండి. గోడలు, తలుపులు, ఫ్యాన్ రెక్కలు సబ్బునీళ్ళతో తుడవండి. అద్దె ఇల్లు మారేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మూసిన గదిలో పాత పొగ కంపు కొడితే, పెయింట్ వేయించి ఇమ్మని ఓనర్‌ని ముందే అడగండి.

మీరు చేయాల్సింది ఒకటే పెద్ద పని, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవి. ఇంటి గడప లోపల, బాల్కనీలో, కారులో ఎవరూ కాల్చకూడదు. వానొచ్చినా, అతిథులొచ్చినా, క్రికెట్ మ్యాచ్ ఉన్నా అంతే. కాల్చాలనిపించినవాళ్ళు లిఫ్ట్‌లో కిందికి దిగి, గేటు బయటికి, ఎవరి కిటికీలూ లేని చోటికి వెళ్ళాలి. పైన ఒక పాత చొక్కా వేసుకుని వెళ్ళి, వచ్చాక దాన్ని బయటే తగిలించి, చేతులు, మొహం కడుక్కుని, నోరు పుక్కిలించి, కాస్సేపయ్యాక పాపను ఎత్తుకోవాలి. కాల్చాక కూడా కొన్ని ఊపిరుల వరకు పొగ బయటికి వస్తూనే ఉంటుంది. నాలుగంతస్తులు దిగడం, చొక్కా మార్చడం అనే శ్రమ వల్ల కొంతమందికి రోజుకు రెండు మూడు సిగరెట్లు వాటంతట అవే తగ్గిపోతాయి. కారు సంగతి వేరే చెప్పాలి: అంత చిన్న పెట్టెలో అద్దం దించి కాల్చినా పొగ మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు దించిన అద్దంలోంచి బయటికి పోయే గాలి కూడా ఉండదు.

పొగ అంటే సిగరెట్ పొగ ఒక్కటే కాదు. మీ ఇంట్లో దోమల బత్తి వాడుతున్నారేమో చూడండి. మూసిన గదిలో ఒక దోమల బత్తి పూర్తిగా కాలితే, సన్నని కణాల లెక్కన అది 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానికి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర కట్టండి, కిటికీలకు జాలీ వేయించండి. ఇంకొకటి, ఇది అత్తయ్య గారికి నచ్చకపోవచ్చు: బిడ్డ పుట్టాక తలంటు పోసి సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళలో మామూలే. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఇంట్లో ఒక పిల్లకు పిల్లికూతలున్నప్పుడు, పసిబిడ్డ ఊపిరితిత్తులు అప్పుడే విచ్చుకుంటున్నప్పుడు ఆ పొగ వద్దు. మెత్తటి తువ్వాలుతో తల తుడిచి, ఎండ తగిలే గదిలో ఉంచితే చాలు.

కింది ఫ్లాట్ పొగ గురించి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బాత్రూంలన్నీ ఒకే షాఫ్ట్‌లోకి, అంటే కింది నుంచి పై అంతస్తు దాకా ఉండే నిలువు సందులోకి, తెరుచుకుంటాయి. కింద ఎవరైనా బాత్రూంలో కాలిస్తే ఆ పొగ షాఫ్ట్‌లో పైకి లేస్తుంది. మీరు వంటింట్లో చిమ్నీ ఆన్ చేసి కిటికీలన్నీ మూసేస్తే, చిమ్నీ బయటికి తోసేసిన గాలికి బదులు గాలి కావాలి కదా, అది బాత్రూం నుంచి లాగుతుంది. డిసెంబర్ చలికి కిటికీలు మూసినప్పుడు పొగ ఎక్కువవడానికి కారణం ఇదే. చిమ్నీ వేసినప్పుడు వంటింటి కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి వెనక్కి గాలి రాకుండా మూతలున్నది పెట్టించండి. ఫ్యాన్ ఆగగానే ఆ మూతలు వాటంతట అవే మూసుకుంటాయి. పైపులు గోడలోకి వెళ్ళే చోట సందులను సిలికాన్‌తో మూయించండి. బాత్రూం తలుపు కింద రబ్బరు పట్టీ వేయించి, తలుపు ఎప్పుడూ మూసి ఉంచండి. నేలలో ఉన్న ఫ్లోర్ ట్రాప్ (జాలీ కింద నీరు నిలిచే వంపు) ఎండిపోతే దాంట్లోంచి కూడా వాసన వస్తుంది, వాడని బాత్రూంలో రోజూ ఒక మగ్గు నీళ్ళు పోయండి. ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్ ఒక పూటలో చేసే పని ఇది.

కింది వాళ్ళతో గొడవ పెట్టుకోకండి. పొగ ఎక్కడికి వెళ్తోందో వాళ్ళకు చాలాసార్లు తెలియదు. పాపను వెంటబెట్టుకుని ఒకసారి వెళ్ళి, నెబులైజర్ విషయం చెప్పి, "బాత్రూంలో కాకుండా కిందికి వెళ్ళి కాల్చగలరా" అని అడగండి. కుదరకపోతే అసోసియేషన్ మీటింగ్‌లో, మీ ఒక్క ఇంటి సమస్యగా కాకుండా మెట్లు, లిఫ్ట్ లాబీ, బేస్‌మెంట్, షాఫ్ట్ అన్నిటికీ కలిపి పొగ నియమం పెట్టమని అడగండి. పిల్లలున్న ఇళ్ళు మీతో ఉంటాయి.

ఇంటి బయట చట్టం మీ పక్షాన ఉంది, అది ఉపయోగించుకోండి. ముంబై రాజకీయ నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2001 నవంబర్ 2న బహిరంగ ప్రదేశాల్లో పొగను ఆపమంది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసులు, మాల్స్, హోటళ్ళు, పబ్బులు కూడా దాని కిందికి వచ్చాయి. కనీసం 30 సీట్లున్న రెస్టారెంట్లు, కనీసం 30 గదులున్న హోటళ్ళు, విమానాశ్రయాలు స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. కానీ ఆ గదికి నాలుగు వైపులా పూర్తి గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు, గాలి నేరుగా బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. తాడు కట్టి "స్మోకింగ్ ఏరియా" అని బోర్డు పెట్టిన టెర్రస్ మూల ఆ నియమానికి సరిపోదు. కోరమంగల, ఇందిరానగర్‌లో పిల్లలతో తినడానికి వెళ్ళినప్పుడు ఇది చూసి కూర్చోండి. పొగ నిషేధమని బోర్డు, దాని మీద ఫిర్యాదు తీసుకునే వ్యక్తి పేరు ఉండాలి. నిషేధం ఉన్న చోట యాష్‌ట్రేలు, లైటర్లు ఇవ్వకూడదు. కర్ణాటకలో 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో బహిరంగ ప్రదేశంలో కాలిస్తే జరిమానా 200 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది, 21 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు, హుక్కా బార్లు నిషిద్ధం. టెక్ పార్కుల గేటు బయట టీ బండ్ల దగ్గర సాయంత్రం ఆ గుంపు పొగ చూస్తే ఇంకా చాలా జరగాల్సి ఉందని తెలుస్తుంది. టీ తాగడానికి వెళ్ళే కాల్చని పిల్లలకు నా సలహా, కప్పు పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరగండి. బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్ళలో ఒకే గదిలో ముగ్గురు నలుగురు ఉండి, ఒకరు కాలిస్తే మిగతావాళ్ళు మొహమాటానికి ఊరుకోవడం కూడా చూస్తున్నాను. గది మార్చమని వార్డెన్‌ని అడగడంలో తప్పు లేదు.

ఇంటి లోపలికి మాత్రం ఏ చట్టమూ రాదు. 2016-17 జాతీయ సర్వేలో మన దేశంలో 38.7 శాతం పెద్దవాళ్ళు తమ ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పారు. అందుకే మామయ్య గారి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

మన జిల్లాలో పొగాకు అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. కందుకూరు, కొండపి, ఒంగోలు వైపు పుట్టినవాళ్ళకు బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) వాసన బాల్యంలో భాగం. ఆకు కొట్టడం, కర్రలకు కట్టడం, రాత్రంతా బ్యారన్ దగ్గర మంట చూసుకోవడం, వేలం రోజున గ్రేడు బాగా పడాలని మొక్కుకోవడం. మా ఇంట్లో పెళ్ళిళ్ళు, చదువులు ఆ ఆకు మీదే జరిగాయి. మీ మామయ్య గారి జీవితం కూడా అదే అయితే, కోడలు వచ్చి "పొగాకు విషం" అంటే ఆయనకు తన బతుకునే విషం అన్నట్టు వినిపిస్తుంది. ఆయన్ని అలా బాధపెట్టాల్సిన అవసరం లేదు. మనం అడిగేది ఆయన అలవాటు గురించి కాదు, చుట్ట ఎక్కడ వెలిగించాలన్న దాని గురించి.

మీవారు ముందు తను బాల్కనీలో కాల్చడం ఆపాలి. కనీసం వారం రోజులు తను కిందికి వెళ్ళి కాల్చాకే తండ్రితో మాట్లాడాలి. తను కాలుస్తూ తండ్రికి చెప్తే చెల్లదు. మాట్లాడేటప్పుడు ఇంట్లో అందరి ముందూ కాదు, ఇద్దరే వాకింగ్‌కి వెళ్ళినప్పుడు. "నాన్నా, పాపకు రాత్రిళ్ళు ఆయాసం వస్తోంది. ఇంట్లో పొగ అస్సలు ఉండకూడదని డాక్టర్ రాసిచ్చారు. నేనూ కిందికే వెళ్తున్నాను. మీరూ నాతో రండి, ఇద్దరం కలిసి వెళ్దాం." అంతే. క్యాన్సర్ బొమ్మలు చూపించొద్దు, అమ్మ స్టెంట్ గురించి నిందించొద్దు. మా దగ్గరికి వచ్చే ఇలాంటి ఇళ్ళకు నేను ప్రిస్క్రిప్షన్ మీద మందుల కిందే తెలుగులో రాస్తాను: ఇంట్లో, బాల్కనీలో, కారులో పొగ వద్దు. మీ డాక్టర్‌ని కూడా అలా రాయమని అడగండి. పెద్దవాళ్ళకు కోడలి మాట కంటే డాక్టర్ రాసిన కాగితం గౌరవంగా ఉంటుంది. దాన్ని పాటించడంలో ఎవరికీ చిన్నతనం అనిపించదు.

కింద ఆయనకు ఒక చోటు చూపించండి. నీడ, కూర్చోవడానికి బెంచీ, ఎవరి కిటికీలూ దగ్గర లేని చోటు. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్ట్ నుంచి దూరం లేకుండా చూడండి. ఊరి నుంచి వచ్చిన పెద్దాయనకు ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళు ఉండరు, చేతిలో చుట్ట ఒక్కటే తోడు. సాయంత్రం ఆ వేళకు ఇంకో తెలుగు పెద్దాయనను కలిసేలా చేయగలిగితే సగం పని అయినట్టే. మీరు చేయగలిగింది కూడా ఒకటుంది: కిందికి వెళ్ళొచ్చాక విసుక్కోకుండా కాఫీ ఇవ్వండి, "మామయ్య గారూ, పాప ఈ వారం రాత్రి దగ్గలేదు" అని చెప్పండి. మనవరాలి నిద్ర తన వల్ల బాగుపడిందని వింటే ఆ మాట ఆయన మీద ఎంత పనిచేస్తుందో మీరే చూస్తారు. ఎదురుతిరిగి ఇంట్లోనే వెలిగిస్తే మాత్రం వాదించకుండా పాపను తీసుకుని మీరు, అత్తయ్య గారు ఇంకో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోండి, ఆ గది కిటికీ తెరవండి. ప్రతిసారీ అలాగే చేయండి.

మీవారు మానాలనుకుంటే సాయం ఉంది. సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరు ఉచితం. దాన్ని నడిపే కేంద్రాల్లో మన బెంగళూరు నిమ్‌హాన్స్ (మానసిక, నరాల వైద్య సంస్థ) ఒకటి, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, టెన్షన్ బాగా ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. కొంచెం నమిలి, నోరు చురుక్కుమనగానే చిగురు పక్కన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. అవసరమైతే మాత్రలు కూడా ఉన్నాయి, డాక్టర్‌ని అడిగి వాడాలి. ఈ-సిగరెట్ మంచిదని ఎవరైనా చెప్తే వినకండి. మన దేశంలో 2019 నుంచి అమ్మకమే నిషిద్ధం, దాని ఆవిరిలోనూ నికోటిన్ ఉంటుంది.

ఇవన్నీ మొదలుపెట్టాక పాపలో మార్పు ఎలా తెలుస్తుందంటే, ఒక క్యాలెండర్ మీద రాయండి: రాత్రి దగ్గిందా, రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి ఇచ్చేది) ఎన్నిసార్లు వాడారు, ఆడుకునేటప్పుడు ఆయాసం వచ్చిందా. నెలకోసారి ఆ కాగితం డాక్టర్‌కి చూపిస్తే మందు తగ్గించాలా వద్దా అన్నది తేలుతుంది. రక్త పరీక్షలు అక్కర్లేదు. ఈ మధ్యలో ఎప్పుడైనా పాప డొక్కలు ఎగరేస్తున్నా, మెడ దగ్గర గుంట పడుతున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, రిలీవర్ ఇచ్చాక కూడా తగ్గకపోయినా ఇంట్లో ఎదురుచూడకండి. స్పేసర్‌తో రిలీవర్ ఇస్తూనే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. ఆ ఆసుపత్రి ఏదో, రాత్రిపూట పిల్లల డాక్టర్ ఉంటారో లేదో ఈ రోజే కనుక్కుని ఫోన్‌లో నంబరు పెట్టుకోండి.